ఇరుకు గాడి

భూకంపం వచ్చిన ఆ ఆదివారం పొద్దున మల్లేశు ఇంట్లో విరిగింది ఒక్కటే వస్తువు. అదైనా అతనిది కాదు.

షాదీపూర్‌లో మెట్లదారి పైన వాళ్ళ ఇల్లు. మంచం ఊగడం మొదలవగానే మల్లేశు భార్య సుమ కూతురు సింధూరిని చంకనేసుకుని వీధిలోకి పరిగెత్తింది. వెనకాలే పోతున్న మల్లేశుకి లోపల ధబ్బుమని చప్పుడు వినిపించింది. భూమి ఆగాక వచ్చి చూస్తే గోడకుండే ఎర్రటి ఎలక్ట్రిక్ గిటార్ మేకు మీంచి జారి తలకిందులుగా గచ్చు మీద పడుంది. కొయ్యకి ఏమీ కాలేదు. మెడ చివర, తీగలు వాటిని బిగించే మరల వైపు పోయేచోట అడ్డంగా ఉండే చిన్న తెల్లటి పట్టీ మాత్రం రెండు ముక్కలైంది. దాన్ని నట్ అంటారు. దానికి ఆరు గాడులుంటాయి, గాడికో తీగ. అది లేకపోతే తీగలు కొయ్య మీద పడుకుంటాయి, గిటార్ మూగదైపోతుంది.

మల్లేశు ఆ ముక్కల్ని జేబులో వేసుకుని బయటికొచ్చేసరికి కింద ఒడ్డునున్న జంగ్లీఘాట్ వైపు సముద్రం నీళ్ళొచ్చాయంటూ జనం గుట్ట మీదికి ఎగబాకుతున్నారు. సాయంత్రానికి నికోబార్ దీవుల కబుర్లు ఒక్కొక్కటే రావడం మొదలుపెట్టాయి. "కార్ నికోబార్ ఖతమ్ అంట భయ్యా" అన్నాడు వీధి చివర ఎవరో. గిటార్ సొంతదారు యుగంధర్ ఉన్నది కార్ నికోబార్‌లోనే.

మల్లేశు తండ్రి యర్రయ్య శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఈ దీవికి చేపలవేటకొచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనిషి. కొడుక్కి మాత్రం సముద్రం పడలేదు. పడవెక్కితే వాంతులు. అందుకని చెక్కపని నేర్చుకున్నాడు. పడౌక్ అనే ఇక్కడి ఎర్ర కర్రతో అతను చేసిన తలుపులు షాదీపూర్‌లో చాలా ఇళ్ళకున్నాయి. చేతినిండా పని, చక్కటి భార్య, ఓ కూతురు. కొదవేమీ లేదు. ఇన్నీ ఉండి కూడా, బళ్ళో చదివే రోజుల నుంచి ఒక్క మనిషిని చూస్తే అతనికి కడుపులో రగిలేది. ఆ మనిషి అతని ప్రాణస్నేహితుడు యుగంధరే.

యుగంధర్ వాళ్ళిల్లు మెట్లకి కిందనుంది. తల్లి నూకరత్నం బజ్జీల బండి పెట్టి కొడుకుని చదివించింది. స్నేహితులిద్దరూ చర్చిలో గిటార్ వాయించే ఒక పెద్దాయన దగ్గర కలిసే పాఠానికి వెళ్ళేవాళ్ళు. మల్లేశు వేళ్ళు బొబ్బలెక్కేదాకా సాధన చేసేవాడు. యుగంధర్ వారమంతా క్రికెట్ ఆడి, పాఠం రోజున వచ్చి కూర్చుని, ఒకసారి విన్నదాన్ని అలాగే వాయించేసేవాడు. ఓసారి ఆ పెద్దాయన నవ్వుతూ, "వీడు నేర్చుకోడు, గుర్తుచేసుకుంటాడు" అన్నాడు. మల్లేశు వైపు తిరిగి, "నువ్వు కష్టపడతావు" అన్నాడు. మెచ్చుకునే అన్నాడు. కానీ ఆ మాట ముల్లులా మల్లేశు అరికాల్లో ఉండిపోయింది. నడిచినప్పుడల్లా గుచ్చుకునేది.

ముఖ్యంగా తీగని వేలితో పక్కకి లాగి స్వరాన్ని సాగదీయడంలో యుగంధర్‌ది వేరే దారి. ఏడుపు ఆపుకుంటున్న గొంతులా పలికేది. మల్లేశు ఎంత లాగినా అది తీగ లాగినట్టే ఉండేది.

యుగంధర్ లెక్కల మాస్టారయ్యాడు. కమలాకుమారిని పెళ్ళి చేసుకున్నాడు. అలలు రావడానికి మూడేళ్ళ ముందు కార్ నికోబార్ బడికి వేశారు. వెళ్ళేరోజు ఓడ దగ్గర గిటార్ తెచ్చి మల్లేశు చేతిలో పెట్టాడు. "వాయించకుండా ఉంచితే పాడైపోద్దిరా. నీ దగ్గరుంటే నాకు బెంగుండదు."

ఆ గిటార్‌తోనే మల్లేశు ఆర్కెస్ట్రాలో ముందువరసకి వచ్చాడు. సెక్రటేరియట్‌లో గుమాస్తా చలపతి ఆ ఆర్కెస్ట్రా పెద్ద, కీబోర్డు వాయించేవాడు. పెళ్ళిళ్ళు, ఉగాది, వినాయకచవితి, తెలుగువాళ్ళ పందిరి ఎక్కడుంటే అక్కడికి వెళ్ళేవాళ్ళు. జనం 'గిటార్ మల్లేశు' అనడం మొదలుపెట్టారు. ఆ మూడేళ్ళూ అతని కడుపు చల్లగా ఉంది.

యుగంధర్ బతికే ఉన్నాడన్న కబురొచ్చేదాకా మల్లేశు రోజూ నూకరత్నాన్ని వెంటబెట్టుకుని విమానాల దగ్గరికీ జెట్టీకీ తిరిగాడు. అందులో నటనేమీ లేదు. ఎవరిదో వదులు చొక్కా తొడుక్కుని, చెవిలో దూదితో యుగంధర్ విమానం దిగినప్పుడు అతన్ని వాటేసుకుని అందరికంటే గట్టిగా ఏడ్చింది మల్లేశే. కమలాకుమారి దొరకలేదు. ఆవిడ చెయ్యి పట్టుకునే పరిగెత్తానన్నాడు యుగంధర్. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నీటిలో కొట్టుకుపోయినప్పుడు ఎడమ చెవిలోకి బురద పోయి చీము పట్టింది. వినికిడి కొంచెం తగ్గుతుందన్నారు డాక్టర్లు.

ఏడ్చిన కళ్ళు ఆరేదాకానే ఆ ప్రేమ. తరవాత పాత రోగం లేచింది.

నూకరత్నం ఇంటి గుమ్మంలో ఎప్పుడూ పదిమంది. యుగంధర్ ఏమి తిన్నాడు, నిద్రపోయాడా, ఈ రోజు మాట్లాడాడా, వీధంతా అదే ధ్యాస. సుమ రోజూ గిన్నెలో చేపల పులుసు పోసుకుని కిందికి దిగేది. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చున్న యుగంధర్ తనలో తాను ఏదో కూనిరాగం తీశాడు. పెద్దగా కూడా కాదు. నీళ్ళ బిందెలతో పోతున్న ఆడవాళ్ళు నిలబడిపోయారు. మల్లేశు పైనుంచి చూస్తే సుమ పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"మూడేళ్ళు వాయించాను. నా పాటకి ఒక్కసారైనా కళ్ళు తుడుచుకున్నావా?" అని అడిగాడు ఇంటికొచ్చాక.

సుమ తెల్లబోయింది. "ఏటయ్యా ఆ మాట? ఆయన పెళ్ళాం పోయిన మనిషి!"

"అదే మరి" అన్నాడు మల్లేశు. ఆ మాట నోటినుంచి వచ్చాక అతనికే ఒళ్ళు జలదరించింది. యుగంధర్ ఇంటినీ ఇల్లాలినీ సముద్రం పట్టుకుపోయింది, తన ఇంట్లో ఒక నట్ విరిచి వదిలేసింది. తన గురించి చెప్పుకోవడానికి ఊళ్ళో ఎవరికీ ఏమీ లేదు. సర్వం పోగొట్టుకున్నవాడి మీద తనకి కుళ్ళు. అది తప్పని తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట ఆరదు.

వినాయకచవితి దగ్గరపడింది. ముందు ఏడాది చివర ఆగిపోయిన ఆర్కెస్ట్రా మళ్ళీ మొదలుపెడదామన్నాడు చలపతి. "ఈసారి గిటార్ యుగంధర్‌కిద్దాం మల్లేశూ. పాపం, మనసు కుదుటపడుద్ది. నువ్వు వెనక తాళం వాయించు."

"అలాగే" అన్నాడు మల్లేశు. ఇంకేమంటాడు?

ఆ రోజే యుగంధర్ వచ్చాడు. "నా గిటార్..." అంటూ గోడ వైపు చూశాడు. 'నా' అన్న ఒక్క అక్షరం మల్లేశుకి చెంపమీద కొట్టినట్టయింది.

"నట్ విరిగింది. భూకంపంలో."

"బాగుచెయ్యగలవా?"

"చేస్తాను. నేను కాక ఇంకెవరు చేస్తారు?"

బజారుకెళ్ళి నట్ కావాలంటే ఇనప సామాన్ల కొట్టువాడు గుప్పెడు బోల్టు నట్లు బల్ల మీద పోశాడు. మద్రాసు నుంచి ఓడలో తెప్పిస్తే పండగ దాటిపోతుంది. అందుకని మల్లేశు మాంసం కొట్టు నుంచి గేదె ఎముక తెచ్చాడు. "నా గిన్నెల్లో ఉడకబెట్టావంటే ఊరుకోను" అంది సుమ. పెరట్లో రంగు డబ్బాలో సబ్బునీళ్ళు పోసి, కొవ్వంతా వదిలేదాకా ఉడకబెట్టి ఎండేశాడు. ఎండాక అది ఏనుగు దంతంలా తెల్లబడింది.

మెడ చివర పాత జిగురుని సన్న ఉలితో గీకి శుభ్రం చేశాడు. ఎముకలోంచి చిన్న పట్టీ కోసి, ఎమరీ కాగితం మీద ఆడిస్తూ, ఆ పల్లంలో వేలితో నొక్కితే బిగుతుగా కూర్చునేదాకా అరగదీశాడు. ఆరు తీగలకీ ఎడం కొలిచి సన్న పెన్సిల్‌తో గీతలు పెట్టాడు. లావు తీగల గాడులు సన్న ఆకురాయితో కోశాడు. సన్న తీగలకి ఆకురాయి పనికిరాదు. వెల్డింగు మేస్త్రీలు గొట్టం ముక్కు శుభ్రం చేసుకునే గరుకు సూదుల్ని అడిగి తెచ్చుకున్నాడు. ఒక్కో గాడీ మరల వైపుకి వాలాలి. లోతు ఎక్కువైతే తీగ, మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లలో మొదటిదానికి తగిలి జీరపోతుంది, తక్కువైతే వేలు నొక్కలేదు. మూడో మెట్టు దగ్గర తీగని నొక్కిపెట్టి, మొదటి మెట్టు మీద కాగితం పట్టేంత సందు ఉందో లేదో కన్ను దగ్గరగా పెట్టి చూసుకుంటూ కొంచెం కొంచెం అరగదీశాడు. చెక్కపనిలో ఇంత శ్రద్ధ అతను పూజగదికి కూడా పెట్టలేదు.

తీగలు బిగించి మీటాడు. గిటార్ ఇంతకుముందెప్పుడూ అలా మోగలేదు. పాత ప్లాస్టిక్ నట్ మీద లేని నిండుదనం వచ్చింది. మల్లేశుకి సంబరమేసింది. ఆ వెంటనే, ఈ మోతంతా ఎవరి వేళ్ళ కిందికి పోతోందో గుర్తొచ్చింది.

చివరిగా ఒక్క పరీక్ష మిగిలింది. సన్న తీగని యుగంధర్ లాగినట్టు పక్కకి లాగి వదిలాడు. నట్ దగ్గర 'టిక్' మని చిన్న చప్పుడు. తీగ వెనక్కి రావలసినంత రాలేదు, స్వరం పైనే ఉండిపోయింది. పక్క తీగా అంతే. గాడి ఇరుకుగా ఉంది, తీగని పట్టేస్తోంది. సూదితో ఇంకో రెండు రాపిడులు, కాస్త పెన్సిల్ నుసి, అంతే పని.

సూది చేతిలోనే ఉంది. మల్లేశు దాన్ని కాసేపు వేళ్ళమధ్య తిప్పాడు. 'నేను వాయించినప్పుడు ఇంతలా లాగను కదా. నాకు ఇది చాలు' అనుకున్నాడు. సూదిని డబ్బాలో పడేసి మూత పెట్టాడు.

వినాయకచవితి సాయంత్రం పందిట్లోకి జనం బాగా వచ్చారు. మొదటి పాట హాయిగా సాగింది. రెండో పాట మధ్యలో యుగంధర్ కళ్ళు మూసుకుని సన్న తీగని లాగాడు. ఆ స్వరానికి ముందువరసలో ఎవరో "అబ్బా" అన్నారు. తరవాత వేసిన ప్రతి స్వరం పక్కదారి పట్టింది. చలపతి కీబోర్డు మీంచి తలెత్తి చూశాడు. యుగంధర్ గబగబా మర తిప్పి సరిచేసుకున్నాడు. మళ్ళీ లాగాడు, మళ్ళీ చెడింది. పాడే అమ్మాయి లిఖిత శ్రుతి తప్పి ఆగిపోయింది. జనం మొహాలు చూసి యుగంధర్ తన ఎడమ చెవి మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడు గిటార్‌ని తన మెడలోంచి తీసి మల్లేశుకి అందించాడు.

"చెవి పోయిందిరా. నాకు సరిగ్గానే వినబడుతోందనుకున్నాను."

"అలసిపోయుంటావు" అన్నాడు మల్లేశు. మిగతా పాటలన్నీ అతనే వాయించాడు, ఆ రెండు తీగల్నీ లాగకుండా. చప్పట్లు కొట్టారు. మర్నాడు గిటార్ తిరిగిచ్చెయ్యబోతే యుగంధర్ తీసుకోలేదు. "నువ్వే ఉంచుకో. ఇంక నాకెందుకు?"

కొన్నాళ్ళకి యుగంధర్ అడిగి మరీ ఉత్తరాన దూరంగా ఉన్న మాయాబందర్ బడికి బదిలీ చేయించుకున్నాడు. గిటార్ గోడ మీదికి వచ్చేసింది, మల్లేశు ముందువరసకి వచ్చేశాడు. కోరుకున్నది అక్షరాలా జరిగింది. అయినా మంట చల్లారలేదు. ప్రోగ్రాం అయ్యాక ఎవరో ఒకరు, "అదే యుగంధర్ వాయించుంటేనా..." అని నిట్టూర్చేవారు. వాయించనివాడు వాయించేవాడి కంటే పెద్దవాడైపోయాడు. ఊళ్ళో లేని మనిషితో ఎవడు పోటీపడగలడు? మల్లేశు ఇంటికొచ్చి కంచం విసిరిన రోజులున్నాయి.

ఏడాది తిరిగాక ఒక పొద్దున నూకరత్నం మెట్లెక్కి వచ్చింది. రొప్పుతూ గుమ్మంలో కూలబడి, "మల్లేసూ, నువ్వైనా ఆడికి సెప్పు నాయనా" అంది. "సెవికి ఆపరేసను సేయించుకుంటానంతన్నాడు. మద్రాసెల్తాడంట. డాట్టరు వద్దన్నాడంట, కోత్తే ఉన్నది కూడా పోవచ్చన్నాడంట. ఈడు ఇనడు. బళ్ళో పిల్లలు పాట పాడతంటే లేచి బయటికెల్లిపోతన్నాడంట. మాటలు బానే ఇనపడతన్నాయి కదరా అంటే, మాటలు కాదమ్మా, సుతి ఇనపడదు అంతాడు."

సుమ ఆవిడకి మంచినీళ్ళిచ్చింది. మల్లేశు గోడ వైపు చూడలేకపోయాడు. "నేనెళ్ళొస్తాను పిన్నీ" అన్నాడు.

మర్నాడే బస్సెక్కాడు. ఒళ్ళో గిటార్, కాళ్ళ దగ్గర పనిముట్ల సంచి. రెండుచోట్ల బస్సునే బోటెక్కించి దాటించారు. నీళ్ళు చూడకుండా కళ్ళు మూసుకున్నాడు. చెప్పకుండానే పని కానిచ్చెయ్యొచ్చని దారిపొడుగునా అనుకున్నాడు. తీగలు మార్చాను, ఇప్పుడు వాయించి చూడు అంటే సరిపోతుంది. యుగంధర్‌కి ఎప్పటికీ తెలియదు.

యుగంధర్ క్వార్టర్ జెట్టీకి దగ్గర్లోనే ఉంది. గిటార్ చూసి మొహం తిప్పుకున్నాడు. "దాన్నెందుకు మోసుకొచ్చావు?"

"ఒక్కసారి విను." మల్లేశు బల్ల మీద కూర్చుని సన్న తీగని శ్రుతిచేశాడు. లాగి వదిలాడు. టిక్‌మంది. "ఇప్పుడు స్వరం పైకుందా, కిందకుందా?"

"వద్దన్నాను కదరా."

"చెప్పు ముందు."

"పైకుంది."

మర తిప్పి, పక్క తీగని లాగాడు. "ఇప్పుడు?"

"ఇదీ పైనే. చాలా కొంచెం." అనేసి యుగంధర్ ఆగిపోయాడు. తలెత్తి మల్లేశుని చూశాడు.

మెల్లగా చెప్పుకొద్దామనుకున్న అబద్ధం మల్లేశుకి నోట్లోనే ఎండిపోయింది. "నీ చెవికేమీ కాలేదురా. గాడి ఇరుకుగా ఉంది. తీగని పట్టేస్తోంది. పందిట్లో కూడా అదే."

"నీకెప్పుడు తెలిసింది?"

"బిగించిన రోజే."

"తెలిసి ఇచ్చావా?"

"తెలిసే."

బయట ఎవరో హిందీలో చేపలమ్ముకుంటూ పోయారు. "ఎందుకు?" అన్నాడు యుగంధర్.

"కుళ్ళు. నీ మీద."

"నా మీదా?" యుగంధర్ గది చుట్టూ చూశాడు. ఇనప మంచం, తాడు మీద రెండు చొక్కాలు, కిరసనాయిలు స్టవ్. "నా దగ్గర ఏం మిగిలిందని రా?"

మల్లేశు గిటార్‌ని పక్కన పెట్టాడు.

"ఈ ఏడాదంతా నా చెవిని నేను తిట్టుకున్నాను" అన్నాడు యుగంధర్. "కమల గొంతు గుర్తుచేసుకుందామన్నా, అది సరిగ్గా గుర్తొస్తోందో లేదో అని భయమేసేది. నా చెవినే నమ్మలేనప్పుడు... నడు. బయటికి నడు."

మల్లేశు వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. తిరుగు బస్సు ఇంక మర్నాడే. ఎండ జెట్టీ మీంచి జరిగి చెట్లమీదికి పోయింది. తలుపు తెరుచుకుంది. యుగంధర్ గిటార్ తెచ్చి అతని పక్కన పెట్టాడు. "పని పూర్తిచెయ్. నా ఎదురుగా."

మల్లేశు తీగలు వదులుచేశాడు. సూది తీసి ఇరుకు గాడులు రెంటినీ రుద్దాడు. వాటి అడుగున పెన్సిల్ నుసి అద్దాడు. ఎముక పొడి మోకాళ్ళ మీద తెల్లగా రాలింది. యుగంధర్ నిలబడే చూశాడు. తీగ లాగితే చప్పుడు లేదు, స్వరం వెళ్ళి వెళ్ళినట్టే తిరిగొచ్చింది. అయినా యుగంధర్ నమ్మలేదు. ఆరు తీగల్నీ ఒక్కొక్కటిగా తనే లాగి చూసుకున్నాడు, చెవి కొయ్యకి ఆనించి.

ఆ తరవాత ఆగలేకపోయాడు. అక్కడే మెట్టు మీద కూర్చుని వాయించాడు. యాంప్లిఫయర్ లేదు, తీగల సన్నటి శబ్దమే. మొదట వేళ్ళు తడబడ్డాయి. తరవాత ఆ సన్న తీగని లాగాడు. ఏడుపు ఆపుకుంటున్న ఆ గొంతు మళ్ళీ పలికింది. పక్క క్వార్టర్ల వాళ్ళు ఒక్కొక్కరే గుమ్మాల్లోకొచ్చి నిలబడ్డారు.

మల్లేశు పనిముట్లు సర్దుకుంటూ విన్నాడు. పశ్చాత్తాపంతో మనసు కడిగినట్టయిందని చెబితే బాగుండును. అలా కాలేదు. అదే మంట, అదే చోట మళ్ళీ రగిలింది. వాడలా వాయిస్తాడు, తను వాయించలేడు, ఎప్పటికీ వాయించలేడు. ఆ మంటతోనే ఆ రాత్రి ఒక హోటల్లో పడుకుని, పొద్దున గిటార్ అక్కడే వదిలి బస్సెక్కాడు.

యుగంధర్ మద్రాసు వెళ్ళలేదు. మల్లేశుతో మాట్లాడనూ లేదు, చాలాకాలం. ఊళ్ళోకి వచ్చినా మెట్లెక్కేవాడు కాదు. మల్లేశే సుమకి జరిగింది చెప్పాడు. ఆమె రెండు రోజులు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. మూడో రోజున, "పిల్లకి మాత్రం చెప్పకు" అంది. ఆర్కెస్ట్రాలో చలపతి ఇంకో గిటార్ తెప్పించాడు. మల్లేశు దానిమీద పెళ్ళిళ్ళలో వాయిస్తూనే ఉన్నాడు. బాగానే వాయిస్తాడు. ఇప్పటికీ తీగ లాగడు.

మాయాబందర్‌లో యుగంధర్ బడి పిల్లలకి గిటార్ నేర్పడం మొదలుపెట్టాడు. ఆ తడి గాలికి, పిల్లల చేతులకి గిటార్లు నిలవవు. ఏళ్ళు గడిచాక ఒకనాడు మల్లేశుకి ఫోన్ చేశాడు. పలకరింపు లేదు. "రెండు గిటార్లకి నట్లు పోయాయి. చేస్తావా?"

"పంపు. చేస్తాను."

"పంపను. నేనే తెస్తాను. నువ్వు చేస్తుంటే కూర్చుని చూస్తాను."

"సరే" అన్నాడు మల్లేశు. ఆ షరతు అతనికి తప్పుగా తోచలేదు.

అప్పటినుంచి సెలవులకి యుగంధర్ వస్తాడు. పెరట్లో పీట మీద కూర్చుంటాడు. మల్లేశు గాడి కోస్తాడు, అతను తీగ లాగి చూస్తాడు. మాటలు తక్కువ. మొన్న, ఇప్పుడు ఎదిగిన సింధూరి వచ్చి గుమ్మంలో నిలబడి, "మామా, ఆ లాగుడు నాకు నేర్పవా?" అని యుగంధర్‌ని అడిగింది. తండ్రిని ఏనాడూ ఏమీ అడగని పిల్ల. మల్లేశు చేతిలో ఆకురాయి ఆగింది.

"మీ నాన్న ఒప్పుకుంటే" అన్నాడు యుగంధర్, మల్లేశు కళ్ళలోకి సూటిగా చూస్తూ.

మల్లేశు ఎముక పొడి ఊదుకున్నాడు. "నేర్చుకో" అన్నాడు కూతురితో. "నాకు రాలేదు."